ఇదే మేలైనది

రాజేశ్వర్ ఇంట్లో దేవుడి గూటి పక్కన గోడకు ఒక పోస్టుకార్డు వేలాడుతుంది. ఉత్త కార్డు కాదు, అద్దమూ, చెక్క ఫ్రేమూ ఉన్న కార్డు. దసరా నాడు పనిముట్లకు బొట్లు పెట్టేటప్పుడు దానికీ ఒక బొట్టు పడుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు అదేదో స్వామివారి ఆశీర్వచనం అనుకుని చెప్పులు దూరంగా విడిచి దండం పెట్టుకున్న రోజులున్నాయి. రాజేశ్వర్ ఒక్కరినీ వారించలేదు.

నిజానికి అతని లెక్కలో అది ఆశీర్వచనమే. రాసింది మాత్రం స్వామి కాదు, విరూపాక్ష. జహీరాబాద్ పాత బస్టాండు వెనక, సైకిల్ దుకాణం మీది రెండు గదుల్లో ముందు గదిలో పత్రికా, వెనక గదిలో సంసారమూ నడిపిన కవి. ఆ పత్రిక పేరు ‘ఎర్రనేల’. వారానికోసారి, నాలుగే పేజీలు. పిట్ట కొంచెం, కూత ఘనం. మొదటి పేజీలో హైవే మీద లారీల గోడు, రెండో పేజీలో అల్లం పంటకు పట్టిన తెగులు, మూడో పేజీ నిండా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పంపిన పద్యాలు. పద్యం అచ్చయిన ప్రతివాడికీ విరూపాక్ష తన చేత్తో ఒక కార్డు రాసేవాడు.

రాజేశ్వర్ అప్పుడు ట్రాక్టర్ల కంపెనీలో రంగులు వేసే చోట పనిచేసేవాడు. అన్నం కలుపుకునేటప్పుడు కూడా గోళ్ల సందుల్లోంచి పోని ఎర్ర రంగు మీద పద్యం రాసి, భయం భయంగా పంపాడు. అది అచ్చయింది. వెనకే కార్డు వచ్చింది. “శ్రీ రాజేశ్వర్ గారికి, మీ పద్యం అందింది. మన పత్రికలో ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే మేలైనది. తరువాతిది ఎప్పుడు? – విరూపాక్ష.”

ఆ రోజుతో రాజేశ్వర్ కవి అయ్యాడు, ఆ రోజుతోనే రాయడం మానేశాడు కూడా. మేలైనది రాసేశాక ఇంకేం రాస్తాం? రాస్తే దానికంటే గొప్పగా రాయాలి, లేకపోతే సార్ మాట పోతుంది. ఎప్పుడైనా నాలుగు ముక్కలు తోచి కాగితం మీద పెట్టినా, తలెత్తి గోడమీది ఫ్రేమును చూసేవాడు, కాగితం చింపేసేవాడు. అయితేనేం, కంపెనీలో అందరూ ‘కవి సాబ్’ అనే పిలిచారు. రిటైరైన రోజు శాలువా కప్పి మైకులో కూడా అదే అన్నారు. ప్రతి ఆదివారం ‘ఎర్రనేల’కు వెళ్లి సార్ పక్కన కూర్చుని ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దేవాడు. ఇతరుల పద్యాలు దిద్దుతున్నప్పుడు అతని ముఖంలో ఒక పెద్దరికం, కొంచెం జాలి కూడా ఉండేవి. ఎంతైనా మేలైనది తనది కదా.

విరూపాక్ష పోయిన ఏడాది పోయాడు. ఏడాది తిరిగేలోపు ఆయన ఉత్తరాలన్నీ పుస్తకంగా వేయాలని తెలిసినవాళ్లు అనుకున్నారు. చిక్కేమిటంటే ఆయన దగ్గర ఒక్క నకలు లేదు. నకలు దించుకోకుండానే కార్డును పోస్టు డబ్బాలో వేసేసేవాడు. అవన్నీ అందుకున్నవాళ్ల ఇళ్లలో ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి పుస్తకం కూర్చే పని ఎవరికివ్వాలన్నప్పుడు, ఆయన భార్య ఇందిరమ్మ రెండో మాట లేకుండా రాజేశ్వర్ పేరు చెప్పింది.

“తెచ్చినంక నాకు సదివి వినిపియ్యాలె. నేను వినకుంట ఈ ఇంట్లకెల్లి ఏది అచ్చుకు పోలే,” అంది. అది నిజమే. విరూపాక్ష పద్ధతి అది. వచ్చిన ప్రతి పద్యం, తాను రాసిన ప్రతి ఉత్తరం వంటింటి గడపలో కూర్చుని పైకి చదివేవాడు, ఆమె పొయ్యి ముందు పని చేసుకుంటూ వినేది. కార్డు డబ్బాలో పడేది ఆ తర్వాతే.

రాజేశ్వర్ పొంగిపోయాడు. పుస్తకం మొదటి పేజీలో ఏ ఉత్తరం ఉండాలో అతను ఇంటికి చేరేలోపే తేలిపోయింది.

మొదట అల్లం వ్యాపారి నర్సింగ్ దుకాణానికి వెళ్లాడు. నర్సింగ్ పద్యాలు అతనికి బాగా తెలుసు. అల్లం మీద సీసపద్యం ఎత్తుకుంటే మూడో పాదానికల్లా మార్కెట్టు ధరలోకి దిగేవాడు. నర్సింగ్ గల్లాపెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, చేతులు తుడుచుకుని, ఒక కార్డుల కట్ట బయట పెట్టాడు.

“గిన్నేండ్లు ఎవలికి సూపియ్యలే సార్, దిష్టి తగుల్తదని. పైది సదువుండ్రి. బుక్కుల గిది ముంగట ఎయ్యాలె.”

రాజేశ్వర్ చదివాడు. మన పత్రికలో ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే మేలైనది. తరువాతిది ఎప్పుడు?

తారీఖు చూశాడు. తన కార్డు తర్వాతిది. అంటే, మార్కెట్టు ధరలోకి దిగే ఈ అల్లం పద్యం తన ఎర్ర రంగును దాటిపోయిందా? రెండో కార్డు తీశాడు. అదే మాట. మూడోదీ అంతే. నర్సింగ్ చాయ్ తెప్పించాడు. రాజేశ్వర్ తాగాడో లేదో అతనికే తెలియదు.

మొగుడంపల్లిలో రిటైరైన పంతులు జగన్‌మోహన్ తన కార్డులను పెళ్లి ఆల్బంలో అంటించుకున్నాడు. అక్కడా అదే మాట. ఈ జగన్‌మోహన్ ఒకసారి రాజేశ్వర్ ఇంట్లో భోజనం చేసి, ఫ్రేమును చదివి, “బాగుంది, బాగుంది,” అని వెళ్లినవాడే. రాజేశ్వర్ ఉండబట్టలేక అడిగాడు.

“మా ఇంట్ల కార్డు జూసినప్పుడు, మీకు సుత గిట్లనే రాసిండని ఎందుకు చెప్పలే సార్?”

పంతులు ఇబ్బందిగా నవ్వాడు. “ఏం చెప్పమంటవ్ తమ్మీ? నీది జూసి పాపమనిపించింది. నీకు ధైర్యానికి రాసిండు, నాకు నిజంగ రాసిండు అనుకున్న.”

పుండు మీద కారం చల్లడమంటే అది. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెత అందరి విషయంలోనూ ఒప్పుకోవచ్చు, ఆ కాకి మనం కానంతవరకే. చిరాగ్‌పల్లిలో కృప అనే నర్సు తన కార్డులను బైబిల్లో పెట్టుకుంది. ఇంకో ఊళ్లో బియ్యం డబ్బాలో దొరికాయి. ఎక్కడ తీసినా అదే మాట. తేడా ఒక్కటే, వాళ్లందరి దగ్గరా కార్డులు కట్టలుగా ఉన్నాయి. రాజేశ్వర్ దగ్గర ఉన్నది ఒకటే.

ఇంటికొచ్చి ఫ్రేము దింపేశాడు. దింపాక ఆ చోట ఫ్రేమంత మేర గోడ తెల్లగా కనబడింది. భార్య స్వప్న వచ్చి చూసింది.

“ఏమైందయ్యా? దానికేమన్న చెద పట్టిందా?”

“సార్ అందర్కి గదే రాసిండు స్వప్నా. ఒక్కరికి గాదు, అందర్కి. నేనొక్కన్నే పిచ్చోని లెక్క గోడకు పెట్టుకున్న.”

ఆమె ఫ్రేమును చేతిలోకి తీసుకుంది. “పెండ్లిసూపులల్ల మా నాయినకు నువ్వు చూపిచ్చింది ఈ కార్డే గద. నేను కార్డు సూసి ఒప్పుకోలే గని,” అని, “జర మల్ల తగిలియ్యి. గోడ బోడిగ కనవడ్తుంది,” అంది. అతను తగిలించాడు, కానీ ఆ వైపు చూడలేదు.

మనిషి పోయాక ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆ వారంలో రాజేశ్వర్‌కు తెలిసొచ్చింది. తిడదామంటే కళ్లముందు లేడు, మరిచిపోదామంటే ఉత్తరాలన్నీ టేబులు మీదే ఉన్నాయి. సార్ నన్ను ఊరడించాడా, వెక్కిరించాడా? నేను కవినా, కాదా? అరవై దాటిన మనిషికి ఇది పెద్ద ప్రశ్నా అని మీరు అనుకోవచ్చు. అతనికి అదొక్కటే ప్రశ్న. రంగులు వేసే పని రిటైరవగానే పోయింది. మిగిలింది ఆ కార్డే.

అప్పుడు అతనికి పుస్తకం కూర్చేవాడి చేతిలో ఉండే ఆయుధం గుర్తొచ్చింది. మూడు చుక్కలు. ఉత్తరంలో ఏదైనా వదిలేస్తే ఆ చోట మూడు చుక్కలు పెడతారు, ఎవరూ అడగరు. నర్సింగ్ కార్డుల్లో మేలైన మాట తీసి మూడు చుక్కలు పెట్టాడు. పంతులు కార్డుల్లో, కృప కార్డుల్లో, దొరికిన ప్రతి కార్డులో పెట్టాడు. ఒకే మాట ఇన్నిసార్లు వస్తే చదివేవాళ్లకు విసుగని తనకు తానే చెప్పుకున్నాడు. తన కార్డు మాత్రం పూర్తిగా ఉంచి, మొదటి పేజీలో వేశాడు. చదివేవాళ్లకు విసుగు రాకుండా ఒకసారైనా ఆ మాట ఉండాలి కదా. ప్రూఫులు వచ్చాయి. ఇందిరమ్మకు చదివి వినిపించడం ఒక్కటే మిగిలింది.

ఇందిరమ్మకు కంటి ఆపరేషనయినా అక్షరాలు అలుక్కుపోయే కనిపిస్తాయి. అయినా రొట్టెలు ఆమే చేసుకుంటుంది. రాజేశ్వర్ వెళ్లేసరికి పీటమీద కూర్చుని జొన్నపిండి పిసుకుతోంది. అతను సార్ కూర్చునే గడపలోనే కూర్చుని, తన కార్డును తర్వాత చదవొచ్చులే అని దాటేసి, నర్సింగ్ కార్డు ఎత్తుకున్నాడు.

“శ్రీ నర్సింగ్ గారికి, మీ పద్యం అందింది. ఈసారి అల్లం ధర బాగున్నదని తెలిసి సంతోషం…”

“ఆగు,” అంది ఇందిరమ్మ. “నడుమ ఒక మాట పోయింది.”

“ఏం మాటమ్మా?”

పిండి పిసుకుతూనే, భర్త పుస్తకాల భాషలో, ఆయన సాగదీసినట్టే సాగదీసి చెప్పింది. “మన పత్రికలో ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే మేలైనది. తరువాతిది ఎప్పుడు?”

రాజేశ్వర్ ప్రూఫు కాగితం తిరగేశాడు. “ప్రెస్సోళ్లు మింగినట్టున్నరమ్మా.”

“రాస్కో మరి. ఇంకోటి సదువు.”

పంతులు కార్డు చదివాడు. “ఈడ సుత పోయింది,” అంది. కృప కార్డు చదివాడు. ఆమె రొట్టె తట్టడం ఆపకుండానే, “ఈ ప్రెస్సోనికి గదొక్క మాటనే పడ్తలేనట్టుంది,” అంది. ప్రతి కార్డూ ఆ గడపలోనే పైకి చదివినది. ఆమె చెవిన పడకుండా పోయింది ఒక్కటీ లేదన్న సంగతి, ప్రూఫులు దిద్దీ దిద్దీ తలపండిన రాజేశ్వర్‌కు చుక్కలు పెట్టేటప్పుడు తట్టలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

“ఇగ నీ కార్డు సదువు,” అంది.

చదివాడు. పూర్తిగా విని, “గిది మాత్రం మింగలే,” అంది. నవ్వలేదు, కోప్పడలేదు. పెనం మీద రొట్టె తిప్పింది.

ఆ ఊరుకోవడమే అతన్ని పగలగొట్టింది. “అందర్కి గదే మాట ఎందుకు రాసిండమ్మా?” అన్నాడు. అడగకూడదనుకున్నదంతా ఒక్కసారే బయటపడింది. “నేను ముప్పై ఏండ్లు దాన్ని దేవుని పక్కన పెట్టుకున్న. సార్ అబద్ధమాడిండా? పోయిన మనిషి గురించి గిట్ల అడుగుడు పాపమే గని, నాకు తెల్వాలె. నేను రాసింది మంచిదా, కాదా?”

ఇందిరమ్మ పొయ్యి మంట తగ్గించింది.

“పెండ్లయిన కొత్తల నాకు రొట్టె రాకుండె. మాడబెట్టిన. తినుకుంట, ‘ఇందిరా, ఇసువంటి రొట్టె నేను ఎన్నడు తినలే’ అన్నడు. ఎక్కిరిస్తున్నడని ఏడ్చిన. తెల్లారి జర మంచిగొచ్చింది. మల్ల గదే మాట. పానం పోయే ముంగటి దినం గూడ గదే మాట.”

“మరి మీరు నమ్మిన్రా అమ్మా?”

“నమ్ముడు గిమ్ముడు నాకెందుకు నాయినా? పొద్దుగాల లేసి మల్ల పిండి పిసికిన.”

ఆమే మళ్లీ అంది, “అబద్ధం గాదు. ఆయన నా మొకం సూసి చెప్పకపోతుండె, రొట్టె దిక్కు సూసి చెప్తుండె. ఏది చేతిలుంటె గదే గొప్ప ఆయనకు. పద్యం సుత గంతే. ‘గిట్లయితె పత్రిక ఎట్ల నడుస్తది’ అని నేనే తిడ్తుంటి. నర్సింగ్ పద్యాలు పుంటికూరల పుల్లల లెక్క ఉంటుండె. గని పంపిండు, మల్ల పంపిండు. ఆఖర్కి రాసినయి జర కమ్మగయినయ్.” పెనం మీది రొట్టె తీసింది. “నువ్వే పంపలే.”

“మేలైనది అన్నడు గదమ్మా. దానికంటె తక్కువ రాస్తె సార్…”

“నువ్వు ఐతారం ఐతారం వస్తుంటివి. నువ్వు మెట్లెక్కుతుంటె ఆయన సూపు నీ అంగి జేబు మీదనే ఉంటుండె. కాగితం మడత పెట్టుకోని ఏమన్న తెచ్చిండా అని. నువ్వు పెన్ను తీస్తవ్, మందివి దిద్దుతవ్, చాయ్ తాగుతవ్, పోతవ్. నువ్వు మెట్లు దిగినంక నా దగ్గరికొచ్చి, ‘ఇయ్యాల సుత తేలే ఇందిరా’ అంటుండె.”

రాజేశ్వర్ చేతిలో ప్రూఫులు జారి గడప మీద పడ్డాయి.

“ఒక్కసారి అడగచ్చు గదమ్మా!”

“అడిగిండు గద. కార్డుల రాసిండు. రెండోసారి అడిగితె పిలగాడు బెదుర్తడన్నడు.”

అతను ఏడ్చాడు. అరవై దాటిన మనిషి, ఫ్యాక్టరీలో యూనియన్ గొడవలప్పుడు కూడా గొంతు తగ్గించని మనిషి, జొన్నరొట్టెల వాసన మధ్య గడపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముప్పై ఏళ్లు రోజూ ఆ కార్డును చూశాడు, బొట్టు పెట్టాడు, మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. రెండో మాట ఒక ప్రశ్న అనీ, ప్రశ్నకు జవాబియ్యాలనీ అతనికి ఏనాడూ తోచలేదు. ప్రతి ఆదివారం పక్కనే కూర్చున్న మనిషి ఆ జవాబు కోసమే ఎదురుచూస్తూ ముసలివాడై పోయాడు. తనను సార్ కవి అనుకున్నాడా లేదా అని ఇన్నాళ్లూ కుమిలిపోయాడు. అనుకున్నాడు, అదే బాధ.

ఇందిరమ్మ ఓదార్చలేదు. ఒక రొట్టెకు నూనె, కారం రాసి చేతిలో పెట్టింది. “తిను. తిని గా సుక్కలు దీసెయ్,” అంది.

చుక్కలన్నీ తీసేశాడు. తన కార్డును మొదటి పేజీ నుంచి తెచ్చి దాని తారీఖు ప్రకారం మధ్యలో పెట్టాడు. పుస్తకం అచ్చయింది, సభ జరిగింది. అందరూ పుస్తకం తెరిచి ఎవరి పేజీ వాళ్లు వెతుక్కుని, ఎవరి కార్డు వాళ్లు చదువుకుని, తృప్తిగా మూసేశారు. పక్క పేజీ తిప్పినవాడు లేడు. మైకు ముందు నర్సింగ్ తన కార్డు చదివి కళ్లు తుడుచుకున్నాడు. కవుల ఓర్పు గురించి లోకం ఏమనుకున్నా, వాళ్ల చూపు మాత్రం తమ పేజీ దాటి పోదని రాజేశ్వర్‌కు ఆ రోజు తెలిసింది.

కానీ ఇంటి దగ్గర అతని అవస్థ వేరేగా ఉంది. రోజూ కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాడు. “ఏం రాస్తున్నవ్? కరెంటాఫీసుకు అర్జీనా?” అని స్వప్న అడిగింది. పద్యమన్నాడు. ఆమె టీవీ శబ్దం తగ్గించింది. ముప్పై ఏళ్లు మూలన పడ్డ చెయ్యి మొరాయించింది. రాసింది చింపడానికి చెయ్యి లేచేది, పళ్లు బిగబట్టి ఆపుకునేవాడు. చివరికి సార్ మీద ఒక పద్యం పూర్తయింది. జాబిల్లి, జ్యోతి, శిఖరం, అన్నీ పడ్డాయి అందులో. నడుమ ఎక్కడో, వచ్చేవాడి అంగీ జేబు వైపు చూసే ఒక ముసలాయన కూడా ఉన్నాడు.

ఆదివారం పూట మెట్లెక్కి, గడపలో కూర్చుని, ఇందిరమ్మకు చదివి వినిపించాడు. చదవడం అయిపోయింది. ఆమె పుంటికూర తుంచుతూనే అంతా విన్నది.

“బాలేదు,” అంది.

రాజేశ్వర్ కాగితం వైపు చూశాడు. “సార్ ఉంటె, ఇదే మేలైనదంటుండె.”

“అంటుండె. నేను ఆయన గాను. జాబిల్లి గీబిల్లి ఏంది? ఆయన గంత తెల్లగ ఎన్నడుండె? జేబు దిక్కు సూసుడు ఒక్కటి మంచిగున్నది. కడమదంత తీసెయ్.”

అతనికి నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ముప్పై ఏళ్లలో అతని పద్యం బాగాలేదన్న మనిషి ఒక్కరూ లేరు. ఎలా అంటారు? అనాలంటే ముందు అతను రాయాలి కదా. ఇప్పుడు రాశాడు, అది బాగాలేదు. జాబిల్లిని అక్కడే గడపలో కొట్టేసి, జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

“ఇది గూడ ఉన్నదమ్మా, వింటరా?”

“సదువు,” అంది ఇందిరమ్మ, ఇంకో కట్ట పుంటికూర ముందుకు లాక్కుంటూ.